ఆనవాలు

మార్చి నెలలో మిర్చియార్డుకి రండి,
అందరి మొహాలకీ తువ్వాళ్లే.
హమాలీలు, రైతులు, దలాలీలు
ఘాటుకి జడిసి ముక్కూ నోరూ బిగించి కట్టేస్తారు.
ఆ మూడు నెలలూ గుంటూరు గుంటూరంతా నాతో సమానం.

కాటా దగ్గర గుమస్తాని, బాజీని.
తేజా రకానికీ మూడొందల ముప్పైనాలుగుకీ తేడా
కరెంటు పోయినా చెబుతాను,
గుప్పిట్లో కాయ గలగలమన్న తీరుని బట్టి.
తాలుకాయ ఏ గోతం అడుగున దాచారో
మూతి కుట్టు చూస్తే తెలిసిపోతుంది.
మొహం మాత్రం ఎదుట ఉన్నంతసేపే.
కళ్లు కనిపిస్తాయి. ముక్కు, దాని పక్కన పొక్కు మచ్చ.
పెదాలు కదిలి ధర ఎంతని అడుగుతాయి.
అన్నీ ఉంటాయి, విడివిడిగా.
కూడిక రాదు.
తల తిప్పానా, పలక తుడిచినట్టే.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ
జుట్టు కనపడకుండా కత్తిరించిన ఫోటోలు పేర్చింది,
తర్వాత వాటినే తలకిందులుగా పెట్టింది.
మామూలువాళ్లు అక్కడ తడబడతారట.
నాకు నిటారుదీ తలకిందులుదీ ఒకటే కష్టం.
"కళ్లలో దోషం లేదు బాజీగారూ,
చూసినవాటిని మొహంగా కుట్టే దారం
మీకు పుట్టుకతోనే వదులు" అంది.
గోనెసంచి సూది గుర్తొచ్చింది నాకు.
"మరి గోడమీద కరెంటు సాకెట్టు
రాత్రుళ్లు నోరు తెరుచుకుని నన్నే చూస్తుందేంటమ్మా?"
నవ్వింది. ఆ నవ్వు ఇంకా గుర్తుంది,
చివర్లో చిన్న ఎగపీల్పుతో సహా.
మొహం అడక్కండి.

పోయినేడు శెట్టిగారి కొట్లో గల్లాపెట్టె పోయింది.
దొంగని చూసింది ఇద్దరం, నేనూ సాంబిరెడ్డీ.
సబ్‌జైలు ఆవరణలో మేజిస్ట్రేటుగారి ఎదుట
తొమ్మిదిమందిని వరసగా నిలబెట్టారు.
ఇద్దరి మీదే అనుమానం, ఎవరో మాకు చెప్పరు.
తొమ్మిది జతల కళ్లు, తొమ్మిది మీసాలు.
"కొంచెం నడిపించండయ్యా" అన్నాను.
కుదరదన్నారు.
అంతలో అయిదోవాడు దగ్గాడు.
గోడ దూకుతూ ఆ రాత్రి దగ్గిన దగ్గే,
మధ్యలో విరిగి మళ్లీ అతుక్కునే దగ్గు.
చెప్పాను.
"యార్డులో దగ్గనివాడెవడు? మొహం చూసి చెప్పు."
చూశాను. మీసం బాగుంది.

సాంబిరెడ్డి ఒక్క క్షణం ఆలోచించలేదట,
మూడోవాణ్ని చూపించాడట, వేలు వణక్కుండా.
ఆ మూడోవాడు ఆ రాత్రి తెనాలి ఆసుపత్రిలో
కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడని తేలేసరికి
నలభై రోజులు.
సాంబిరెడ్డి అబద్ధమాడలేదు.
ఆ మొహాన్ని నిజంగానే చూశాడు,
రోజూ పొద్దున్నే, యార్డు గేటు పక్కన,
టీ గ్లాసు అందిస్తుండగా.
చూసిన మొహం నిజం, చూసిన చోటే మారిపోయింది.
ఇప్పుడు టీ తాగడానికి అవతలి గేటుకి పోతున్నాడు.

ఖాసింబీ కొత్త చీర కట్టిన రోజు
పట్నంబజారులో ఎవరో ఆడమనిషనుకుని
మా ఆవిడకే దారిచ్చి పక్కకి తప్పుకున్నాను.
రెండు రోజులు మాటల్లేవు.
మూడో రోజు ఎడమ పట్టీకి
మూడు మువ్వలు ఎక్కువ వేయించుకొచ్చింది.
అయినా తలుపు దగ్గర "నేనే" అంటుంది.
లోకంలో ఎవరైనా అనే మాట.

నాలుగుంపావుకి కొరిటెపాడు బడి గేటు.
రెండొందల జతల జడలు, రెండొందల నీలం గౌన్లు.
మిగతా నాన్నలు మెడలు చాపి వెతుకుతారు.
నేను వెతకను.
అదే కరెంటు స్తంభం, అదే పసుపు తువ్వాలు.
తూకపు రాయిలా కదలకుండా నిలబడతాను.
దొరకడం నా పని.
ఎవరో పిల్ల పరిగెత్తుకొస్తుంది,
ఎవరో, ఎవరో,
నా బొటనవేలు పట్టుకుని మూడుసార్లు నొక్కేదాకా.
అప్పుడు నగీనా.